ఒకే ఇంటి పిల్లలు

"చెయ్యెత్తి ఒక్క దెబ్బ వేసి ఎరగం డాక్టరమ్మా. ఆయనా అంతే, నేనూ అంతే," అంది తల్లి, కుర్చీ అంచున ముడుచుకుని కూర్చుని.

డాక్టరమ్మ రాసుకోవడం ఆపి కళ్లజోడు పైనుంచి చూసింది. ఆమె మెదళ్ల డాక్టరు. అందులోనూ ప్రాణాలు తీసినవాళ్ల మెదళ్లు చూడటం ఆమె పని. ముగ్గురు ఆడవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని చంపిన మనిషికి ఉరి వెయ్యాలా, బతికినంతకాలం జైల్లో ఉంచాలా అన్నది తేల్చే ముందు, వాడి బుర్ర ఎలాంటిదో, వాడు పెరిగిన ఇల్లు ఎలాంటిదో చూసి చెప్పమని కోర్టు ఆమెను అడిగింది. ఆ మనిషిని కన్నది ఈ తల్లే. పక్క కుర్చీలో కూర్చున్నది వాడి చెల్లెలు.

"చిన్నప్పుడు తలకేమైనా దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా."

"కుక్కల్నీ పిల్లుల్నీ ఏడిపించడం లాంటిది?"

"అయ్యో! చీమను తొక్కినా చిన్నబుచ్చుకునేవాడు."

కిటికీ దగ్గర నిలబడ్డ వకీలు పెద్దగా నిట్టూర్చాడు. అన్న తరఫున వాదించడానికి కోర్టే పెట్టిన కుర్రవాడతను. కోటు భుజాల మీద వదులుగా వేలాడుతోంది. ఎవరిదో పెద్దవాళ్లది వేసుకొచ్చినట్టుంది.

"పెద్దమ్మా, మనం వాడికి ఉద్యోగం ఇప్పించడానికి రాలేదు. ఇక్కడ మీరు ఎంత మంచి ఇల్లు అని చెబితే వాడికి అంత చేటు. ఇంట్లో కష్టాలేమైనా ఉంటే ఇప్పుడే చెప్పాలి."

"లేనిది ఉందని ఎలా చెప్పమంటావు నాయనా? చచ్చి స్వర్గానున్న మనిషి మీద అభాండం వెయ్యమంటావా?"

డాక్టరమ్మ చెల్లెలి వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

బల్ల కింద తల్లి పాదం వచ్చి చెల్లెలి పాదం మీద ఆగింది. తొక్కలేదు. ఊరికే అలా ఆనింది.

"అమ్మ చెప్పిందే," అంది చెల్లెలు.

డాక్టరమ్మ రెట్టించలేదు. కొన్ని లక్షణాలు పుట్టుకతోనే వస్తాయని, అన్న మెదడుకు బొమ్మ తీశామని, తోడబుట్టినవాళ్లది కూడా తీస్తే పోల్చి చూడొచ్చని చెప్పింది. చెల్లెలు వెంటనే ఒప్పుకుంది. నోరు విప్పకుండా అన్నకు చెయ్యగలిగిన సాయం ఏదైనా ఉందంటే అదొక్కటే అనిపించింది.

గొట్టంలాంటి యంత్రంలో వెల్లకిలా పడుకోబెట్టారు. చెవుల మీద మెత్తలు పెట్టినా, ఎవరో రేకుల షెడ్డును సుత్తితో కొడుతున్నట్టే ఉంది. కళ్ల ముందున్న అద్దంలో ఫొటోలు వచ్చి పోతున్నాయి. సొరుగులో నలిగిన వేలు. ఏడుస్తున్న ముసలామె. ఖాళీ కుర్చీ. కత్తికి తెగిన అరచెయ్యి. చెట్టు. చెల్లెలు అన్నిటినీ శ్రద్ధగా చూసింది. సరిగ్గా చూస్తే మార్కులు పడతాయేమోనన్నట్టు, పడాల్సిన మార్కులన్నీ అన్నకే పడాలన్నట్టు.

ఫలితం చెప్పడానికి రెండు రోజుల తర్వాత పిలిచారు. తల్లి రాలేదు, మోకాళ్లు పట్టేశాయంది. డాక్టరమ్మ తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. సగానికి కోసిన అక్రోటు కాయల్లా ఉన్నాయి.

"ఇది మీ అన్నది. ఎదుటి మనిషి నొప్పి చూసినప్పుడు, లోపల బాదంగింజంత ముక్క ఒకటి ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటునే ఇక్కడ రంగులో చూపిస్తాం. నుదుటి వెనక ఉన్న ఈ భాగం కళ్లెం లాంటిది. వద్దు, ఆగు అని చెబుతుంది. మీ అన్నకి రెండూ మందకొడిగా ఉన్నాయి."

"మరి నాది?"

డాక్టరమ్మ పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది. "ఇంచుమించు అలాగే ఉంది."

చెల్లెలు రెండో బొమ్మను చూసింది. ఎక్కడా పెద్దగా రంగు లేదు.

"అంటే నేను కూడా..."

"కాదు. అలా అనుకోవద్దు. ఈ బొమ్మ చూసి మనిషి ఎలాంటివాడో ఎవరూ చెప్పలేరు. ఇలాంటి మెదడుతో ఎంతోమంది ఎవరికీ ఏ హానీ చెయ్యకుండా బతికేస్తున్నారు. ఆపరేషన్లు చేసేవాళ్లలో ఉంటారు, మంటలార్పేవాళ్లలో ఉంటారు. చెయ్యి వణకదు కాబట్టి మంచి పనివాళ్లు కూడా అవుతారు."

"మరి అన్నకెందుకిలా అయింది?"

"పుట్టుక ఒక్కటే చాలదు. దానికి ఇంకేదో తోడవ్వాలి. చాలామంది విషయంలో అది చిన్నతనంలో, ఇంట్లోనే ఎదురవుతుంది. తన్నులు, భయం, దిక్కులేనితనం. అవి పడ్డ వాళ్లంతా హంతకులవుతారని కాదు. కానీ ఈ రెండూ కలిసినచోట ప్రమాదం ఎక్కువ. మీ ఇంట్లో అలాంటిదేమీ లేదని అమ్మగారు చెప్పారు, మీరూ చెప్పారు."

వకీలు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. "అక్కా, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకేలాంటి బుర్ర. నువ్వు హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసుకుని బతుకుతున్నావు. వాడు చంపుకుంటూ తిరిగాడు. అవతలి వకీలు ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు. చెల్లెలు ఆగగలిగినప్పుడు అన్న ఎందుకు ఆగలేదు? దానికి నా దగ్గర జవాబు లేదు. నీ మంచితనమే వాడి మెడకు తాడవుద్ది."

"నా బొమ్మ చూపించకపోతే?"

"అప్పుడు వాడి బొమ్మ ఒక్కటే మిగుల్తుంది. అదొక్కటీ ఒడ్డెక్కించదు. పై వారమే వాయిదా."

హోటల్ కింది అంతస్తులో కిటికీలు లేని పెద్ద గది ఇస్త్రీ గది. మధ్యలో మనిషి నడుమంత లావున్న వేడి రోలరు తిరుగుతూ ఉంటుంది. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని, ఒక్కసారి గాల్లోకి విదిలించి, అంచులు సమంగా రోలరుకు అందించాలి. ఒకరు తొందరపడితే ముడత, ఒకరు ఆలస్యం చేస్తే వంకర. చెల్లెలికి జోడీగా నిలబడేది రేడియో అక్క. పొద్దున గదిలోకి వచ్చినప్పటి నుంచి సాయంత్రం బట్టలు మార్చుకునేదాకా ఆమె నోరు మూతపడదు. అందుకే ఆ పేరు.

"ఏమే, నీ బుర్రకి ఫొటో తీశారటగా? ఏం దొరికింది?" అంది రేడియో అక్క దుప్పటి విదిలిస్తూ.

"ఏమీ లేదు."

"అదృష్టవంతురాలివి. మా ఆయన్ని పెడితే ఆ మిషనే ఆగిపోద్ది. లోపల సరుకు లేకుండా ఎందుకు తిప్పుతున్నార్రా అని."

అవతల చొక్కాలు మడతపెడుతున్న వాళ్లు పగలబడి నవ్వారు. అన్న సంగతి రేడియో అక్కకు తెలుసు. హోటల్లో ఎవరి ఇంట పాలు పొంగినా, ఎవరి ఇంట పొయ్యి ఆరినా అందరికీ చెప్పే మనిషి, ఆ ఒక్క వార్త మాత్రం ఏనాడూ చదవలేదు.

మధ్యాహ్నం చెల్లెలు చొక్కా కాలర్ల దగ్గరికి మారింది. కాలరును కొసల నుంచి మధ్యకు తొయ్యాలి. మధ్య నుంచి కొసలకు తోస్తే కొసల దగ్గర గుడ్డ పోగుపడి ముడత పడుతుంది. పేపర్లో పడ్డ, అన్న చంపిన ఆ ముగ్గురి ఫొటోల్లో ఒకామె కాలరు ఒక్క ముడతా లేకుండా, కొసలు నిక్కపొడుచుకుని ఉంది. ఫొటో చూసిన మొదటి రోజు చెల్లెలు ముందు చూసింది ఆ మొహం కాదు, ఆ కాలరు. ఎవరో ఓపిగ్గా నిలబడి చేసిన పని. ఆమే చేసుకుందో, తల్లి చేసి ఇచ్చిందో. అది తలుచుకున్నప్పుడల్లా అన్న కోసం ఏమైనా అడిగే హక్కు తనకుందా అనిపిస్తుంది. వాణ్ణి వదిలెయ్యమని ఆమె ఏ దేవుణ్ణీ కోరుకోలేదు. వాడు మళ్లీ వీధిలో నడవకూడదు. ప్రాణం మాత్రం తియ్యకుండా ఉంటే చాలు.

అప్పుడే రోలరు దగ్గర కేక వినిపించింది. కొత్తగా చేరిన అమ్మాయి, మడతపడ్డ అంచును సర్దబోయి వేళ్లు లోపలికి పోనిచ్చింది. అందరూ ఎక్కడివాళ్లక్కడ కొయ్యబారిపోయారు. చెల్లెలు మాత్రం రెండంగల్లో వెళ్లి రోలరును ఆపే ఎర్ర మీట కిందికి కొట్టింది. రోలరు పైకి ఎత్తి, చెయ్యి బయటికి లాగి, ఆ పిల్లను భుజం పట్టుకుని నడిపించుకెళ్లి కుళాయి కింద పెట్టింది. వేళ్ల మీద చర్మం తెల్లగా ఊడి వస్తోంది. ఆ పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. రేడియో అక్క కూడా ఏడుస్తోంది.

"నీళ్లలోంచి తియ్యకు. వేళ్లు కదుపు. అన్నీ కదులుతున్నాయి, చూడు," అంది చెల్లెలు.

ఆ పిల్లను ఆసుపత్రికి పంపించాక రేడియో అక్క ముక్కు తుడుచుకుంటూ, "రాయివే నువ్వు. నీ చల్లని చెయ్యే దాని వేళ్లు కాపాడింది గానీ, రాయివే," అంది. మెచ్చుకోలుగానే అంది.

చెల్లెలు మళ్లీ కాలర్ల దగ్గరకు వచ్చింది. నిజమే, లోపల ఏమీ ఉలిక్కిపడలేదు. కానీ చెయ్యి మీట మీదికి పోయింది. అన్న చెయ్యి మీట మీదికి ఎందుకు పోలేదు? ఇస్త్రీ పెట్టె పట్టుకుని అలాగే నిలబడింది. నాన్న అడుగుల చప్పుడు, "పిట్టా, లోపలికి పో" అన్న అన్న గొంతు, వంటింటి తలుపు మూసుకోవడం, ఆ తర్వాత బెల్టు చప్పుడు. ఎప్పుడూ ఆ వరసలోనే. దెబ్బలన్నీ తలుపుకు అవతలే ఆగిపోయాయి. తనదాకా ఒక్కటీ రాలేదు. తన చెయ్యి ఇలా మిగిలిందంటే, వాడు తలుపు మూసి అవతల నిలబడ్డాడు కాబట్టే.

వకీలు అడిగిన ప్రశ్నకు జవాబు అదేననిపించింది. మర్నాడు సెలవు పెట్టి జైలుకు వెళ్లింది.

ఇనుప జల్లెడకు అవతల అన్న వచ్చి కూర్చున్నాడు. జుట్టు నున్నగా దువ్వుకున్నాడు. వార్డరుతో ఏదో అంటే అతను నవ్వాడు. అన్న ఎక్కడున్నా ఎవరో ఒకరు నవ్వుతూనే ఉంటారు.

"లావయ్యావు పిట్టా. హోటలు తిండి బాగా పడినట్టుంది."

"నీ బుర్రా నా బుర్రా ఒకేలా ఉన్నాయటరా."

"అలాగా? మరి పరీక్షల్లో ఒక్క నేనే ఎందుకు తప్పేవాణ్ణే?"

ఆమెకు నవ్వొచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది. తల వంచుకుని అడిగింది: "నాన్న వచ్చినప్పుడు నన్ను వంటింట్లోకి పంపించి తలుపు వేసేవాడివి. గుర్తుందా?"

"తలుపా? నేనెప్పుడు వేశాను?"

"మరెవరు వేస్తారు? నా కోసమే కదా అక్కడ నిలబడ్డావు?"

అన్న కాసేపు ఆమె మొహాన్ని పరీక్షగా చూశాడు. కొట్లో బేరమాడేవాడు సరుకును చూసినట్టు.

"అలా చెబితే కోర్టులో పనికొస్తుందా? వస్తుందంటే చెప్తాను. బాగా చెప్తాను."

"నిజం చెప్పు."

"నిజమైతే..." కుర్చీలో వెనక్కి వాలాడు. "కొట్టేటప్పుడు ఆయన ఏడ్చేవాడు, తెలుసా నీకు? బెల్టు పైకి లేస్తుంటే కళ్లంట నీళ్లు కారిపోయేవి. దెబ్బేమో నాకు, ఏడుపేమో ఆయనకి. అది ఎక్కణ్నించి వస్తుందో నాకు అంతుచిక్కేది కాదు. మెడ తిప్పి ఆ మొహమే చూస్తుండేవాణ్ణి. వంటింటి తలుపు రెండడుగుల దూరం. పోవాలనుకుంటే పోయేవాణ్ణే. పోలేదు." వీపు నిటారుగా పెట్టాడు. ఆ మొహంలోకి గర్వంలాంటిది వచ్చింది. "నన్నెవరూ నిలబెట్టలేదు పిట్టా. నేనే నిలబడ్డాను. తర్వాత కూడా, ఆ ఆడవాళ్ల మొహాల్లో..."

"ఆపు."

స్విచ్చి నొక్కినట్టు ఆగిపోయాడు.

"బాధపడ్డావా?" అని అడిగాడు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "నీ మొహం చూస్తే తెలియట్లేదు."

"నీది చూస్తే మాత్రం తెలుస్తుందా?"

అన్న నవ్వాడు. వార్డరు గడియారం చూసుకున్నాడు.

డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళుతున్నానని చెప్పినప్పుడు తల్లి వద్దనలేదు. చెప్పులు వేసుకుని ముందే వచ్చి గుమ్మంలో నిలబడింది. మోకాళ్ల ఊసే లేదు. బస్సులో కూర్చున్నాక మాత్రం, "చచ్చినవాణ్ణి తవ్వి తీసి ఏం బావుకుంటావే అమ్మడూ? బతికున్నవాళ్లం మనం, తలెత్తుకు తిరగొద్దూ?" అంది.

"తల ఇప్పుడు ఎత్తుకునే తిరుగుతున్నామా అమ్మా?"

తల్లి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

గదిలో కూర్చున్నాక చెల్లెలు మంచినీళ్లు కూడా తాగలేదు. "ఆ రోజు అబద్ధం చెప్పాను. మా నాన్న కొట్టేవాడు. బెల్టుతో, బకిల్ ఉన్న వైపుతో. అన్నని."

బల్ల కింద పాదం రాలేదు. తల్లి తన చేతి సంచిని ఒళ్లో పెట్టుకుని దాని జిప్పును పట్టుకుని ఉంది.

"మిమ్మల్ని?" అంది డాక్టరమ్మ.

"లేదు. నన్నెప్పుడూ లేదు."

"మీ అన్ననే ఎందుకు?"

వకీలు ముందుకు వంగాడు. వాడు నాకు అడ్డం నిలబడ్డాడని ఒక్క మాటంటే చాలునని ఆమెకు తెలుసు. అన్న కూడా బాగా చెబుతానన్నాడు. కాలరు నిలబెట్టుకున్న ఆ ఫొటోలోని మనిషి కళ్ల ముందు మెదిలింది.

"నాకు తెలియదు," అంది. "నేను వంటింట్లో ఉండేదాన్ని. తలుపు మూసి ఉండేది. ఇన్నేళ్లూ అన్నే మూసి, నా కోసం అవతల నిలబడ్డాడనుకున్నాను. నిన్న వెళ్లి అడిగాను. తలుపు సంగతే తనకు తెలియదన్నాడు. నా కోసం నిలబడ్డానని కూడా అనలేదు."

"ఆ చివరి మాట రాసుకోకండి మేడమ్," అన్నాడు వకీలు. "అక్కా, గెలిచే ఆట చెయ్యిజార్చావు కదా!"

"వాడికేం తెలుస్తుంది?" అంది తల్లి.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆమె సంచి జిప్పు వైపే చూస్తోంది.

"వీధి తలుపు ఆయన వేసుకునేవాడు. వంటింటి తలుపు నేను వేసేదాన్ని. మధ్యలో వాడు."

డాక్టరమ్మ పెన్ను ఎత్తలేదు.

"ఒకసారి ఆయన దీన్ని పట్టుకుని విసిరాడు. దీనికింకా మాటలు కూడా సరిగా రావు. గోడకు కొట్టుకుని కింద పడి, ఎంతసేపటికీ ఊపిరి తియ్యలేదు. పోయిందనే అనుకున్నా. ఆ రోజు నుంచి ఆయన అడుగుల చప్పుడు వింటే దీన్ని వంటింట్లోకి లాక్కునేదాన్ని. మొదట్లో వాణ్ణి కూడా లాక్కునేదాన్ని. ఎవరూ దొరక్కపోతే ఆయన తలుపు బద్దలుకొట్టి లోపలికొచ్చేవాడు. వాడు దొరికితే ఇటు రాడు."

"పెద్దమ్మా..." అన్నాడు వకీలు.

"వాడైతే తట్టుకుంటాడనుకున్నా. ఏడ్చేవాడు కాదు కదా. ఏడవని పిల్లాడికి నొప్పి తెలియదేమో అనుకున్నా. మొట్టమొదటిసారి తలుపు కొట్టాడు. అమ్మా, తియ్యవే, అమ్మా తియ్యవే, అన్నాడు. తియ్యలేదు. మళ్లీ ఎప్పుడూ కొట్టలేదు. ఎప్పుడూ కొట్టలేదు కదా, అలవాటైపోయిందిలే అనుకున్నా."

చెల్లెలికి ఆ వంటింటి చీకటి గుర్తొచ్చింది. తలుపు మూసుకోగానే వెనక నుంచి తల్లి రెండు చేతులూ వచ్చి తన చెవులు మూసేవి. లోకంలో అంతకన్నా భద్రమైన చోటు మరొకటి ఉండేది కాదు. ఆ రెండు చేతుల్లో ఒకటి ఎప్పుడూ రెండోదానికన్నా చల్లగా ఉండేది. గడియ ఇనుముది అయ్యుంటుంది ఆ చల్లదనం. ఆమె ఇన్నేళ్లలో ఎన్నడూ దాని గురించి ఆలోచించలేదు.

తల్లిని తాకాలనుకుంది. తాకలేకపోయింది. లేచి అవతలికి వెళ్లిపోవాలనుకుంది. అదీ చేతకాలేదు.

"ఇది కోర్టులో, అందరి ముందు చెప్పాల్సి ఉంటుంది," అంది డాక్టరమ్మ చాలా మెల్లగా.

"చెబితే వాణ్ణి వదిలేస్తారా?"

"వదలరు. వదలకూడదు కూడా. ప్రాణం నిలబడొచ్చు. నిలబడుతుందని మాట ఇవ్వలేను."

"చెప్తాను." తల్లి తలూపింది. తర్వాత ఏదో తట్టినట్టు తలెత్తింది. "వాడు అక్కడ ఉంటాడా? వింటాడా?"

"ఉంటాడు పెద్దమ్మా. వాడి ఎదుటే చెప్పాలి."

జల్లెడ అవతల నిటారుగా కూర్చున్న అన్న చెల్లెలి కళ్ల ముందుకు వచ్చాడు. నన్నెవరూ నిలబెట్టలేదు. వాడి దగ్గర మిగిలిన ఆస్తి ఆ ఒక్క మాటే. ప్రాణం నిలబెట్టాలంటే దాన్ని వాడి చేతుల్లోంచి లాగేసుకోవాలి. వద్దమ్మా అని ఇప్పుడే అంటే తల్లి ఆగుతుంది. ఆమె నోరు తెరిచింది. అంతలో తల్లి కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది, కోర్టు ఇప్పుడే మొదలవుతోందన్నట్టు.

"ఒక్కటే అడుగుతాను బాబూ," అంది వకీలుతో. "ప్రతిసారీ ఆ వీపుకు మందు రాసింది నేనే. వాడి మొహం నేను సరిగ్గా చూసిందే లేదు. వీపు చూస్తూ నేను ఈ మాట చెప్పలేను. వాణ్ణి నా వైపు తిప్పి కూర్చోబెట్టించు."